డోర్సెట్ ఆకాశంలో 'హైదరాబాద్'

"ఇండియాలో ఎక్కడ మీది?"

నేను పార్ట్ టైమ్ పనిచేసే కేర్ హోమ్‌లో ఈ ప్రశ్న వారానికి పదిసార్లైనా వినిపిస్తుంది. మాది సూర్యాపేట దగ్గర ఓ పల్లెటూరు. ఇంగ్లండ్‌లో, ఈ బోర్న్‌మత్‌లో, ఆ పేరు చెబితే ఎవరికి తెలుస్తుంది? అందుకే ఇక్కడి తెలుగు స్టూడెంట్లందరిలాగే నేనూ "హైదరాబాద్" అనేస్తాను. విన్నవాళ్ళు "ఓ, బిర్యానీ!" అంటారు. అక్కడితో అయిపోతుంది.

ఆ రోజు మాత్రం టీ కప్పు అందుకోబోతున్న పెద్దాయన చెయ్యి మధ్యలోనే ఆగింది.

"హైదరాబాదా? స్పిట్‌ఫైర్ల హైదరాబాదా?"

ఆయనకి తొంభై రెండేళ్ళు. ఉదయం తిన్న టిఫిన్ మధ్యాహ్నానికి గుర్తుండదు. ఏదో కలగాపులగం చేస్తున్నారులే అనుకుని నవ్వి ఊరుకున్నాను. ఆయన మాత్రం ఊరుకోలేదు. 1940లో ఎనిమిదేళ్ళ పిల్లాడిగా వేమత్‌లో ఉండేవారట. స్కూల్ పిల్లలంతా గోడెక్కి కూర్చుని, సముద్రం వైపు వెళ్ళే విమానాల్ని లెక్కపెట్టేవాళ్ళట. తిరిగొచ్చేటప్పుడు మళ్ళీ లెక్కపెట్టేవాళ్ళట.

"రెండు లెక్కలూ ఎప్పుడూ ఒకటయ్యేవి కావు" అన్నారు.

కాసేపాగి నా చెయ్యి పట్టుకున్నారు. "ఆ విమానాలకి డబ్బిచ్చింది మీ వాళ్ళే. మీ ఇంట్లో ఆ రోజులు చూసినవాళ్ళు ఎవరైనా ఉన్నారా?"

"మా తాత ఉన్నాడు."

"అయితే ఆయనకి నా తరఫున థాంక్స్ చెప్పు."

షిఫ్ట్ అయిపోయాక బస్‌స్టాప్‌లో నిలబడి ఫోన్‌లో వెతికాను. పెద్దాయన చెప్పింది నిజమే. రాయల్ ఎయిర్ ఫోర్స్ 152వ స్క్వాడ్రన్. దాని అధికారిక పేరులోనే 'హైదరాబాద్' ఉంది. వాళ్ళ బేస్ నేనుండే చోటికి ముప్పావుగంట రైలు దూరంలో ఉన్న వార్మ్‌వెల్.

ఆదివారం నాకు షిఫ్ట్ లేదు. టికెట్ కొనేశాను.

నిజాం తలపాగా ఉన్న ముద్ర

రైలెక్కే ముందు కొంచెం చరిత్ర చెప్పుకోవాలి. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటన్‌కి విమానాలు కావాలి, విమానాలకి డబ్బు కావాలి. జనం ఐదు వేల పౌండ్లు పోగుచేసి ఇస్తే ఒక స్పిట్‌ఫైర్ మీద వాళ్ళు కోరిన పేరు రాసేవారు. ఊళ్ళు, ఫ్యాక్టరీలు, క్లబ్బులు, వలస దేశాలు అలా చందాలు ఇచ్చాయి. పెద్ద మొత్తాలు ఇచ్చినవాళ్ళ పేర్లు ఏకంగా స్క్వాడ్రన్లకే పెట్టారు.

మన ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ ఇచ్చింది అలాంటి పెద్ద మొత్తమే. అందుకే 152వ స్క్వాడ్రన్‌కి 'హైదరాబాద్' అనీ, 253వ స్క్వాడ్రన్‌కి 'హైదరాబాద్ స్టేట్' అనీ పేర్లొచ్చాయి. ఇది కొత్త అలవాటేం కాదు. మొదటి ప్రపంచ యుద్ధంలో, 1918లో, 110వ స్క్వాడ్రన్ ఫ్రాన్స్‌కి వెళ్ళింది కూడా నిజాం కానుకగా ఇచ్చిన బాంబర్లతోనే. ఆ స్క్వాడ్రన్ పేరులోనూ హైదరాబాద్ ఉంది.

ఆంధ్రా ఫ్రెండ్స్ ఫీలవ్వక్కర్లేదు. కోస్తా, రాయలసీమ అప్పట్లో మద్రాస్ ప్రెసిడెన్సీలో ఉండేవి కదా. 234, 264 స్క్వాడ్రన్ల పేర్లలో 'మద్రాస్ ప్రెసిడెన్సీ' ఉంది.

152 స్క్వాడ్రన్ ముద్రలో ఉన్న బొమ్మ నిజాం తలపాగా. కింద రాసిన మాటకి అర్థం 'నమ్మకమైన మిత్రుడు'. బ్రిటిష్‌వాళ్ళు నిజాంకి ఇచ్చిన బిరుదు కూడా అదే.

ఫోన్‌లో ఆ ముద్రని జూమ్ చేసి చూస్తుంటే ముందు గర్వంగానే అనిపించింది. స్టేటస్‌లో కూడా పెట్టాను. పది నిమిషాల్లో ముప్పై లైకులొచ్చాయి.

వేర్‌హామ్: ముక్కు మీద నిలబడ్డ విమానం

లండన్ నుంచి వేమత్ వెళ్ళే రైలు బోర్న్‌మత్ దాటాక పూల్ హార్బర్ నీళ్ళ పక్కనే పోతుంది. కిటికీలోంచి పడవలు, బురద మేటలు, తెల్ల కొంగలు కనిపిస్తాయి. తర్వాత వచ్చే ఓ చిన్న స్టేషన్ వేర్‌హామ్.

ఈ స్టేషన్ కోసం ఫోన్‌లో ఒక ఫోటో రెడీగా పెట్టుకున్నాను. పొలంలో ఒక స్పిట్‌ఫైర్ ముక్కు నేలలో దిగబడి, తోక ఆకాశంలోకి లేచి, నిట్టనిలువుగా నిలబడి ఉంటుంది. 1940 ఆగస్టు 8న ఈ వేర్‌హామ్ శివార్లలో తీసిన ఫోటో అది. విమానం 152 స్క్వాడ్రన్‌ది, పైలట్ సార్జెంట్ డెనిస్ రాబిన్సన్. సముద్రం మీద జర్మన్ మెసర్‌ష్మిట్ వెనకనుంచి కొట్టింది. ఇంజిన్ పోయింది. దొరికిన పచ్చిక మీద ఎలాగోలా దించాడు. విమానం పరుగెత్తి పరుగెత్తి గోతిలో ముక్కు పొడుచుకుంది. రాబిన్సన్ మాత్రం బతికి బయటపడ్డాడు.

రైలు అక్కడ రెండు నిమిషాలు కూడా ఆగలేదు. నా ఎదురు సీట్లో ఓ పాప చిప్స్ తింటోంది. బయట గడ్డిలో ఆవులు మేస్తున్నాయి. ఆ ఫోటో ఈ పొలాల్లోదే అంటే నమ్మకం కుదరలేదు.

రన్‌వే లేని ఎయిర్‌ఫీల్డ్

మోర్టన్‌లో నాతో పాటు దిగింది ఇద్దరే. స్టేషన్ దాటగానే క్రాస్‌వేస్ అనే ఊరు. 'ఎయిర్‌ఫీల్డ్' అనగానే నేను ఊహించుకున్నది ఒకటి, అక్కడ కనిపించింది ఇంకొకటి. ఇళ్ళు, గార్డెన్లు, ట్రాంపొలిన్లు, ఆ పక్కన కంకర తవ్వే క్వారీలు. ఊళ్ళో ఓ స్మారకం ఉంది కాబట్టి తెలుస్తుంది గానీ, లేకపోతే ఇక్కడినుంచి యుద్ధ విమానాలు లేచేవని ఎవరూ అనుకోరు.

నిజానికి అప్పుడు కూడా వార్మ్‌వెల్‌లో తారు రన్‌వే లేదు. ఉన్నది గడ్డి మైదానమే. 152 స్క్వాడ్రన్ 1940 జులైలో ఇక్కడికొచ్చింది. దక్షిణాన కొద్ది దూరంలో సముద్రంలోకి చొచ్చుకుపోయిన పోర్ట్‌లాండ్ ఉంది. అక్కడ బ్రిటిష్ నౌకాదళ స్థావరం. ఇంగ్లిష్ చానల్‌కి అవతల, ఫ్రాన్స్‌లోని షెర్‌బోర్గ్ వైపు, జర్మన్ విమానాలు. మధ్యలో ఉన్న నీళ్ళు విమానానికి పాతిక నిమిషాల ప్రయాణం కూడా కాదు. పోర్ట్‌లాండ్‌నీ, ఈ తీరాన్నీ కాపాడటమే వీళ్ళ పని.

వీళ్ళు నడిపిన స్పిట్‌ఫైర్ రెక్కల్లో ఎనిమిది మెషిన్ గన్‌లు ఉండేవి. ఆగకుండా పేల్చితే తూటాలన్నీ పదిహేను సెకన్లలో అయిపోతాయి. మనం ఒక రీల్ చూసి స్క్రోల్ చేసేంత టైమ్. అందుకే రెండు సెకన్లు, మూడు సెకన్లు చొప్పున పొదుపుగా కాల్చాలి. పెట్రోల్ ట్యాంకు ఉండేది పైలట్ ముందు, మోకాళ్ళకి కాస్త దూరంలో. దానికి తూటా తగిలి అంటుకుంటే మంట నేరుగా మొహం మీదకొస్తుంది.

సముద్రంలో దూకితే ఇంకో బాధ. ఆ వేసవిలో ఫైటర్ పైలట్లకి గాలి పడవలు కూడా ఇవ్వలేదు. ఒంటిమీద లైఫ్ జాకెట్ ఒక్కటే ఆధారం. ఏదైనా ఓడ కంట్లో పడితే అదృష్టం. ఇదే స్క్వాడ్రన్‌లోని క్రిస్టఫర్ డీన్‌స్లీ అనే పైలట్‌కి ఆ అదృష్టం రెండుసార్లు దక్కింది. జులైలో ఒకసారి, సెప్టెంబర్‌లో ఒకసారి సముద్రంలో పడ్డాడు. రెండుసార్లూ ఓడలవాళ్ళు పైకి లాగారు. ఆగస్టు 25న ఈ ఎయిర్‌ఫీల్డ్ మీదే జర్మన్లు బాంబులు వేశారు. ఆ రోజు లేచిన వాళ్ళలో రిచర్డ్ హాగ్, తిమోతీ వైల్డ్‌బ్లడ్ సముద్రం మీదనుంచి తిరిగి రాలేదు. గోడ మీద కూర్చున్న పిల్లల లెక్క తప్పేది ఇలాగే.

క్వారీ ఫెన్సింగ్ పక్కన నిలబడి ఆ మైదానం ఎక్కడినుంచి ఎక్కడి దాకా ఉండేదో ఊహించుకోవడానికి ప్రయత్నించాను. గాలి తప్ప ఏ శబ్దమూ లేదు.

'బాయ్' అనే కుర్రాడు

ఈ స్క్వాడ్రన్‌లో నన్ను బాగా పట్టుకున్న మనిషి ఎరిక్ మార్స్. స్క్వాడ్రన్‌లో అందరూ 'బాయ్' అని పిలిచేవాళ్ళు. వార్మ్‌వెల్ వచ్చేనాటికి పంతొమ్మిదేళ్ళు. మనకైతే బీటెక్ సెకండియర్. ఇంటికి ఉత్తరాలు రాసేవాడు. గొప్పలుండవు, ఏడుపులుండవు. ఏం జరిగిందో వరసగా చెప్పుకుపోతాడు.

1940 సెప్టెంబర్ 30న జరిగిందే తీసుకోండి. జర్మన్ బాంబర్ల గుంపు ఈ ప్రాంతం మీదకొచ్చింది. మార్స్ వాటి మీదకి వెళ్తుండగా వెనకనుంచి ఫైటర్లు పడ్డాయి. తూటాలు విమానంలోంచి దూసుకుపోయాయి. ఇంజిన్‌ని చల్లగా ఉంచే ద్రవం కారి, ఆవిరై, కాక్‌పిట్ అంతా పొగలా కమ్ముకుంది. కళ్ళు కనిపించవు, ఊపిరాడదు. బెల్టులు విప్పుకుని దూకడానికి సిద్ధమయ్యాడు.

అంతలో పొగ కాస్త పలచబడింది. కింద నేల కనిపించింది. విమానం ఇంకా మాట వింటోంది. దూకితే తను బతకొచ్చు, విమానం పోతుంది. దూకలేదు. ఇంజిన్ ఆపేసి, గాలిలో జారుకుంటూ వార్మ్‌వెల్ దాకా తెచ్చాడు.

తీరా దించబోతే ఒక చక్రమే కిందికి దిగింది. రెండోది దిగదు, దిగినదాన్ని పైకి లాగుదామంటే రాదు. మళ్ళీ ఓ రౌండ్ కొట్టి ఆలోచిద్దామంటే ఇంజిన్ లేదు. ఒక్క చక్రం మీదే దించాడు. వేగం ఉన్నంతసేపూ రెక్కని పైకి ఎత్తిపట్టాడు. వేగం తగ్గాక రెక్క గడ్డికి ఆని, విమానం గిరుక్కున తిరిగి ఆగింది. చిన్న చిన్న గాయాలతో దిగి నడుచుకుంటూ వెళ్ళాడు.

ఇది చదివినప్పుడు మొదట సినిమా సీన్‌లా అనిపించింది. ఆ గడ్డి ఉన్న చోటికొచ్చాక ఇంకోలా అనిపించింది. నాకు ఇరవై మూడు. పోయిన నెల వీసా లెటర్ ఒకటి లేటైతే రెండు రాత్రులు నిద్రపోలేదు. వీడు పంతొమ్మిదేళ్ళకి, ఆవిరి నిండిన డబ్బాలో కూర్చుని, దూకాలా వద్దా అని కొన్ని సెకన్లలో తేల్చుకోవాలి. మర్నాడు మళ్ళీ ఎక్కాలి.

ఎక్కాడు. డిస్టింగ్విష్డ్ ఫ్లయింగ్ క్రాస్ పతకం కూడా వచ్చింది. తర్వాత స్క్వాడ్రన్ ఇక్కడినుంచి కార్న్‌వాల్‌కి మారింది. 1941 జులై 24న, ఫ్రాన్స్‌లోని బ్రెస్ట్ రేవులో ఉన్న జర్మన్ యుద్ధనౌకల మీద పట్టపగలు దాడి జరిగింది. బాంబర్లకి కాపలాగా సముద్రం దాటి వెళ్ళిన స్పిట్‌ఫైర్లలో మార్స్‌ది ఒకటి. కిందనుంచి కాల్చిన విమాన విధ్వంసక ఫిరంగి గుండు తగిలింది. ఇరవై ఏళ్ళు. సమాధి బ్రెస్ట్‌లోనే ఉంది.

అతను పుట్టిన ఊరు డోవర్. హైదరాబాద్‌ని ఎప్పుడైనా మ్యాప్‌లో వేలుపెట్టి చూశాడో లేదో. అయినా హైదరాబాద్ పేరు మోసే స్క్వాడ్రన్‌లోనే ఎగిరాడు, అందులోనే పోయాడు.

చర్చి వెనక తెల్ల రాళ్ళు

క్రాస్‌వేస్ నుంచి వార్మ్‌వెల్ పల్లెకి నడక. కొన్నిచోట్ల ఫుట్‌పాత్ లేదు, కార్లు వస్తే ముళ్ళపొదల్లోకి ఒదగాలి. వార్మ్‌వెల్‌లో హోలీ ట్రినిటీ అనే చిన్న రాతి చర్చి ఉంది. ఆ ఆవరణలో ఒకే ఎత్తు, ఒకే ఆకారంలో తెల్ల రాళ్ళు వరసగా నిలబడి ఉన్నాయి. యుద్ధంలో పోయిన వైమానికుల సమాధులు.

హెరాల్డ్ అక్రాయిడ్ అనే 152 స్క్వాడ్రన్ పైలట్ ఇక్కడే ఉన్నాడు. 1940 అక్టోబర్ 7న అతని విమానం కూలింది. ఒళ్ళంతా కాలిపోయి మర్నాడు పోయాడు. పెట్రోల్ ట్యాంకు గురించి ఇందాక నేను తేలిగ్గా రాసిన వాక్యానికి అర్థం ఇది.

ఇక్కడ సమాధి దక్కినవాళ్ళు ఒకరకంగా నయం. ఆగస్టు 25న రాని ఆ ఇద్దరికీ సమాధులు లేవు. శవం దొరకని వైమానికుల పేర్లన్నీ లండన్ దగ్గర రన్నీమీడ్ అనే చోట గోడల మీద చెక్కారు. అక్కడ ఇరవై వేలకి పైగా పేర్లున్నాయి.

1940 జులై నుంచి అక్టోబర్ దాకా నడిచిన ఆ 'బ్యాటిల్ ఆఫ్ బ్రిటన్'లో పాల్గొన్న బ్రిటన్ పక్షపు వైమానికులు మూడు వేలకి కాస్త తక్కువ. పోయినవాళ్ళు 544 మంది. ఒక్కొక్కరి పేరు, ర్యాంకు, తేదీ అన్నీ రాసి ఉన్నాయి. ప్రతి రాయీ శుభ్రంగా ఉంది, ప్రతి రాయి ముందూ గడ్డి కత్తిరించి ఉంది.

పెద్దాయనకి చూపిద్దామని ఫోటోలు తీసుకున్నాను.

తాత ఏమన్నాడంటే

మళ్ళీ రైలెక్కి వేమత్ వెళ్ళాను. బీచ్‌లో జనం ఐస్‌క్రీమ్‌లు తింటున్నారు. హార్బర్ పక్కన కొండ మీద నోత్ ఫోర్ట్ ఉంటుంది. అక్కడినుంచి చూస్తే ఎదురుగా పోర్ట్‌లాండ్, నీళ్ళలో పడుకున్న నల్లటి గేదెలా కనిపిస్తుంది. ఈ నీళ్ళ మీదే ఇదంతా జరిగింది.

టైమ్ రెండైంది. ఇంటి దగ్గర సాయంత్రం ఆరున్నర. వీడియో కాల్ చేశాను. తాత వాకిట్లో మంచం మీద ఉన్నాడు.

"ఏడున్నవురా?"

"సముద్రం కాడున్న తాతా."

"ఏదీ, జూపియ్యి."

ఫోన్ తిప్పి నీళ్ళు చూపించాను. తర్వాత మొత్తం కథ చెప్పాను. నిజాం డబ్బు, స్పిట్‌ఫైర్లు, మా కేర్ హోమ్ పెద్దాయన. చివర్లో "ఆయన నీకు థాంక్స్ చెప్పమన్నడు తాతా. విమానాలకు మనోళ్ళే పైసలిచ్చిండ్రంట" అన్నాను.

తాత నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు.

"మేమిచ్చినమా? మమ్ముల ఎవలడిగిండ్రు?"

"నిజాం ఇచ్చిండు తాతా."

"నిజాం ఇచ్చిండు, సరే. ఆయన కాడికి యాడికెళ్ళి వచ్చినయి? ఆయన నాగలి దున్నిండా?"

ఆ తర్వాత తాత చెప్పినవి ఇన్నేళ్ళలో నేనెప్పుడూ అడగని సంగతులు. యుద్ధం రోజుల్లో ఊళ్ళోకి వచ్చిన 'లెవీ గల్ల'. పటేలు, పట్వారీ వచ్చి కళ్ళంలో నిలబడేవాళ్ళట. పంట ఎంత పండిందన్నది ఎవడికీ అక్కర్లేదట. ఇన్ని వడ్లు పొయ్యాలంటే పొయ్యాల్సిందే. ఊళ్ళో పెద్దవాళ్ళ గరిసెలు మాత్రం నిండుగానే ఉండేవట.

"మా నాయన కొలిచి పోసిండు. మేం ఆ యేడు గట్కతోనే ఎళ్ళదీసినం" అన్నాడు తాత. అప్పటికి తనకి ఎనిమిదో తొమ్మిదో ఏళ్ళట.

ఇక్కడ ఒకటి సూటిగా చెప్పాలి. లెవీ గింజలతో స్పిట్‌ఫైర్లు కొనలేదు. రెండూ వేరువేరు లెక్కలు. విమానాల డబ్బు యుద్ధం మొదట్లో వెళ్ళింది. లెవీ తర్వాత వచ్చింది. 1942లో జపాన్ బర్మాని ఆక్రమించడంతో అక్కడినుంచి బియ్యం రావడం ఆగిపోయింది. సైన్యానికీ, పట్నాలకీ తిండి కావాలి. హైదరాబాద్ రాజ్యంలో రైతుల దగ్గర గింజలు బలవంతంగా సేకరించారు. పెద్ద భూస్వాములు తప్పించుకున్నారు, చిన్న రైతు నలిగిపోయాడు. 1946లో మొదలైన తెలంగాణ రైతాంగ పోరాటానికి ఉన్న కారణాల్లో ఆ లెవీ కూడా ఒకటి.

లెక్కలు వేరే అయినా యుద్ధం ఒకటే. దాని ఒక కొస ఈ సముద్రం మీద ఉంటే, ఇంకో కొస మా ఊరి కళ్ళంలో ఉంది. నిజాం ఖజానా నిండింది కూడా ముఖ్యంగా భూమి శిస్తుతోనే. నేను స్టేటస్‌లో పెట్టి మురిసిపోయిన ఆ తలపాగా బొమ్మ బరువు ఎవరి తల మీద పడిందో తాత చెప్పేదాకా నాకు తట్టలేదు.

కాల్ పెట్టేసే ముందు తాత అడిగాడు. "ఆ ఇమానాలు నడిపిన పోరలేమైండ్రు?"

"శానామంది పోయిండ్రు తాతా. ఒగడైతే ఇరవై ఏండ్లకే."

తాత కాసేపు ఏమీ మాట్లాడలేదు. "నీకంటే చిన్నోడు" అన్నాడు. "ఆల్ల మీద నాకేం కోపం లేదురా. ఆ ముసలాయనకు చెప్పు. ఆ థాంక్స్ నాది గాదు, మా నాయనది. ఆయన లేడు గదా."

మూడోసారి సరిగ్గా

మంగళవారం షిఫ్ట్‌లో పెద్దాయనకి ఫోటోలు చూపించాను. సమాధి రాళ్ళని ఒక్కొక్కటిగా పెద్దవి చేయించుకుని చూశారు. పోర్ట్‌లాండ్ ఫోటో చూసి "మా గోడ అటువైపు ఉండేది" అని స్క్రీన్ బయటికి వేలు చూపించారు.

తాత మాటలు చెప్పాలా వద్దా అని రెండు రోజులుగా ఒకటే ఆలోచన. తొంభై రెండేళ్ళ మనిషి మనసారా చెప్పిన థాంక్స్ అది. 'మా తాత సంతోషించాడు' అంటే అయిపోతుంది. ఎవరికీ నష్టం లేదు. కానీ తాత నాతో చెప్పింది మధ్యలో నేను మింగేస్తే, అప్పుడు అడగనివాళ్ళకీ ఇప్పుడు చెప్పని నాకూ తేడా ఏముంది అనిపించింది.

చెప్పాను. మా వాళ్ళని ఎవరూ అడగలేదని, ఆ ఏడు గట్క తాగి బతికారని, తాత తండ్రి వడ్లు కొలిచి పోశాడని. గట్క అంటే ఏంటో చెప్పడానికి 'జొన్న గంజి' దాకా వెళ్ళాల్సొచ్చింది. మీ కుర్రాళ్ళ మీద కోపం లేదన్నాడని కూడా చెప్పాను.

ఆయన కిటికీలోంచి బయటికి చూస్తూ ఉండిపోయారు. తప్పు చేశానేమో అనుకున్నాను. టీ ట్రాలీ నెట్టుకుంటూ పక్క గదికి వెళ్ళిపోయాను.

తిరిగొచ్చేసరికి ఆయన అడిగారు. "మీ తాత తండ్రి పేరేంటి?"

నాకు తెలియదు.

నిజంగా తెలియదు. చిన్నప్పుడెప్పుడో విని ఉంటాను. డోర్సెట్‌లో కూలిన పైలట్ల పేర్లు, ర్యాంకులు, తేదీలు నోటికొచ్చాయి. మా ముత్తాత పేరు రాలేదు. మా ఊళ్ళో ఆయన పేరున్న రాయి లేదు. లెవీ పోసినవాళ్ళ పేర్లు ఏ గోడ మీదా చెక్కలేదు.

"పేరు లేకుండా థాంక్స్ ఎలా చెప్పను?" అన్నారు పెద్దాయన.

బ్రేక్‌లో తాతకి ఫోన్ చేశాను. ఊళ్ళో అప్పటికే చీకటి పడింది. "ఇప్పుడెందుకురా?" అంటూనే పేరు చెప్పాడు. టిష్యూ పేపర్ మీద ఇంగ్లిష్ అక్షరాల్లో పెద్దగా రాసి తీసుకెళ్ళి ఆయన చేతిలో పెట్టాను.

పెద్దాయన కళ్ళజోడు సర్దుకున్నారు. మొదటిసారి తప్పుగా పలికారు. నేను చెప్పాను. రెండోసారీ తప్పే.

మూడోసారి సరిగ్గా వచ్చింది.